సీసా మీద ఆకు బొమ్మ చూసి బాత్రూమ్ క్లీనర్ కొనకండి

పిల్లులున్న ఇళ్ళవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. భీమవరంలో పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే ఒక షాపులో ‘మొక్కల నుంచి తీసినది, పెట్స్‌కి పూర్తిగా సేఫ్’ అని రాసివున్న క్లీనర్ కొన్నాం. మామూలు ఫినాయిల్ కంటే ధర బాగా ఎక్కువ. బాత్రూమ్ తూము దగ్గర పిల్లి పాస్ పోసిన చోట దానితో కడిగాం. సాయంత్రానికల్లా పిల్లి చొంగ కారుస్తూ, కాళ్ళు తడబడి తూలిపోతోంది. డాక్టరుగారు ముందు ఆ సీసా తెమ్మన్నారు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో పైన్ ఆయిల్, టీ ట్రీ ఆయిల్ అని ఉంది! పిల్లి బతికింది లెండి. కానీ ఆ రాత్రి టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

ఈ నూనెలు మొక్కలవే, అబద్ధమేమీ కాదు. కానీ వాటిని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువట. తడి నేల మీద నడుస్తుంది, పాదాలు నాక్కుంటుంది, ఇక అంతా కడుపులోకే. తెల్ల ఫినాయిల్‌లోనూ తరచుగా ఉండేది పైన్ నూనే. నల్ల ఫినాయిల్ అయితే పిల్లులున్న ఇంట్లోకి అసలు రానివ్వకండి.

వెనక్కి ఇవ్వబోతే షాపాయన సీసా తీసుకోలేదు సరికదా, “అయితే బ్లీచింగ్ కొట్టేయండి” అని సలహా ఇచ్చాడు. అదింకా ప్రమాదం. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పోస్తే అందులోని అమ్మోనియాతో కలిసి కళ్ళు మండించే, ఊపిరి ఆడనివ్వని వాయువు పుడుతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ తోడైతే వచ్చేది క్లోరిన్ గ్యాస్. ముసురు రోజుల్లో తలుపులన్నీ మూసుకుని కడిగే చిన్న బాత్రూముల సంగతి మీరే ఆలోచించండి.

బ్లీచింగ్ నిజంగా అవసరమయ్యేది కుక్కపిల్లకి పార్వో అనే వైరస్ జబ్బు వచ్చినప్పుడు. మొక్కల క్లీనర్లను నమ్ముకుంటే ఆ వైరస్ పోదు. ముందు మురికంతా కడిగేసి, 32 వంతుల నీళ్ళకి 1 వంతు ఇంట్లో వాడే లిక్విడ్ బ్లీచ్ కలిపి, 10 నిమిషాలు ఉంచి, మళ్ళీ బాగా కడగాలి. ఆరేదాకా జంతువుల్ని అటు రానివ్వకూడదు.

రోజువారీ కంపుకి మాకు పనికొచ్చింది వాసన కలపని ఎంజైమ్ క్లీనర్. మూత్రంలోని యూరిక్ యాసిడ్ టైల్స్ సందుల్లో గడ్డకట్టి ఉండిపోతుంది. నీళ్ళతో సులువుగా పోదు, చెమ్మ తగిలితే కంపు మళ్ళీ లేస్తుంది. మన డెల్టాలో చెమ్మకి కరువా! ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది, కాకపోతే కాసేపు నాననివ్వాలి. బ్లీచింగ్ వేసిన చోట మాత్రం వెంటనే పోయకండి, ఎంజైమ్ పాడైపోతుంది. రొయ్యల చెరువులో బ్లీచింగ్ చల్లిన రోజే ప్రొబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) వేస్తామా?

బిల్లు, సీసా దాచిపెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. ఆకుపచ్చ మూత, ముందు పెద్ద ఆకు బొమ్మ ఉన్న అర లీటరు సీసా అది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే వెనక్కి తిప్పి చదవండి. అందులో ఏమున్నాయో అసలు రాయకపోతే, అది కూడా కొనకండి.