సీసీయూ రూములో తొమ్మిదేళ్లు: మా వేవ్‌ఫారమ్ మానిటర్ గురించి

హైదరాబాద్‌లో ఓ న్యూస్ స్టూడియో సీసీయూ రూములో, అంటే కెమెరాల వెలుతురు, రంగులు సర్దే గదిలో నా డ్యూటీ. తొమ్మిదేళ్లుగా నా ఎదురుగా ర్యాకులో ఉన్నది ఒకటే వేవ్‌ఫారమ్ మానిటర్, అంటే వీడియో సిగ్నల్ ఎంత ఎత్తులో ఉందో గీసి చూపే పరికరం. కొంచెం తిట్టేది కూడా ఉంది కాబట్టి కంపెనీ పేరు చెప్పను.

ముందు కర్సర్ల సంగతి, అంటే కొలత కోసం స్క్రీన్ మీద మనం జరుపుకునే గీతలు. మాకు రోజూ ఉండే తలనొప్పి ఖద్దరు చొక్కాలు. డిబేట్‌కి వచ్చే నాయకుల్లో సగం మందివి గంజి పెట్టిన తెల్ల చొక్కాలే. కాస్త ఆదమరిస్తే మడతలన్నీ పోయి, ఛాతీకి తెల్ల కాగితం అంటించినట్టు కనిపిస్తుంది. నేను లైన్ సెలెక్ట్‌తో బొమ్మలో చొక్కా మీదుగా పోయే ఒక్క అడ్డ లైన్ పట్టుకుంటాను. కింది కర్సర్ నలుపు స్థాయి మీద, పై కర్సర్ చొక్కా మీద పెడితే మధ్య తేడా స్క్రీన్ మూలన అంకెల్లో వచ్చేస్తుంది. పూర్తి తెలుపు 700 మిల్లీవోల్టులు. చొక్కాని 660 దాటనివ్వను. ముఖం 400కి అటూ ఇటూ ఉండాలి. ఐరిస్‌తో (కెమెరాలోకి వచ్చే వెలుతురు తగ్గించి పెంచేది) రెండూ కుదరకపోతే ఇక లైట్లవాళ్లని పిలవాల్సిందే.

సమయం కొలిచే టైమ్ కర్సర్లతో పని తక్కువ. పాత టేపులు డిజిటైజ్ చేసినప్పుడు మాత్రం బాగా పనికొచ్చాయి. పాల్ అనే పాత టీవీ సిగ్నల్ పద్ధతిలో, ప్రతి లైన్ మొదలుని తెలిపే సింక్ పల్స్ వెడల్పు 4.7 మైక్రోసెకన్లు, లోతు 300 మిల్లీవోల్టులు. ఆ రెండూ చూస్తే టేపు డెక్ ఔట్‌పుట్ సంగతి సగం తెలిసిపోతుంది. మల్టీబర్స్ట్ అనే టెస్ట్ సిగ్నల్‌లో ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి 0.2 మైక్రోసెకన్లు వస్తే అది 5 మెగాహెర్ట్జ్. ఆ లెక్క మానిటరే వేసి చూపిస్తుంది. ముందు అడ్డంగా జూమ్ చేసుకోండి, లేకపోతే కర్సర్ ఎక్కడుందో కంటికి ఆనదు.

మెనూల దగ్గరే నా కంప్లయింట్లు. బటన్ ఒకసారి తడితే డిస్‌ప్లే మారుతుంది, నొక్కి పట్టుకుంటే మెనూ తెరుచుకుంటుంది. ఈ తేడా వేలికి అలవాటయ్యేసరికి మూడు నెలలు పట్టింది. ఈలోపు లైవ్‌లో ఎన్నిసార్లు వేవ్‌ఫారమ్ పోయి రంగులు చూపే వెక్టర్ డిస్‌ప్లే వచ్చిందో!

అంతకంటే పెద్ద దెబ్బ వేరియబుల్ గెయిన్‌తో, అంటే స్క్రీన్ మీద సిగ్నల్‌ని సాగదీసి చూపే సెట్టింగ్‌తో తగిలింది. ముందు షిఫ్టు అబ్బాయి దాన్ని పది శాతం పెంచి అలాగే వదిలి వెళ్లాడు. ఆ సాయంత్రం హడావుడిలో కర్సర్ పెట్టకుండా స్కేలు గీతలు చూసి ఐరిస్ సర్దేశాను. గీతల మీద చొక్కా 660, నిజానికి 600. బులెటిన్ మొత్తం మబ్బు పట్టినట్టు వెళ్లింది. ప్రొడ్యూసర్ ఫోన్ చేశాక కర్సర్ పెడితే అసలు అంకె బయటపడింది, ఎందుకంటే ఈ మానిటర్‌లో స్కేలు గీతలు కదలవు గానీ కర్సర్ మాత్రం గెయిన్‌ని లెక్కలోకి తీసుకుంటుంది. ఆ హెచ్చరిక స్క్రీన్ మీద చీమంత అక్షరాల్లో ఉంది మరి. అప్పట్నుంచి సీట్లో కూర్చోగానే నా ప్రీసెట్ (ముందే దాచుకున్న సెట్టింగులు) పిలుచుకోవడం మొదటి పని, టీ తర్వాతే.

ఫిల్టర్ కూడా చూసుకోవాలి. ఫ్లాట్‌లో, అంటే ఏదీ వడకట్టకుండా ఉంటే, బొమ్మకి పదును పెట్టే కెమెరా డీటెయిల్ వల్ల అంచుల దగ్గర సన్నటి ముళ్లు 700 పైకి లేస్తాయి. సన్నటి వివరాలు వడకట్టే లో పాస్ పెడితే అవి కనిపించవు. కొత్తవాళ్లు ఆ ముళ్లు చూసి ఐరిస్ మూసేస్తుంటారు.

ఏడో ఏడు నుంచి కర్సర్ జరిపే నాబ్ అరిగింది. పై కర్సర్ 697 నుంచి ఒక్క గెంతులో 703కి పోతుంది, 700 మీద ఆగాలంటే బొటనవేలితో అదిమి తిప్పాలి. సర్వీసు వాళ్లేమో మొత్తం ముందు ప్యానెల్ మార్చాలన్నారు. ఇదే మోడల్ మళ్లీ కొంటారా అంటే కొంటాను. సెకండ్‌హ్యాండ్ అయితే మాత్రం నాబ్ తిప్పి చూశాకే డబ్బులిస్తాను.