వీఆర్ఎమ్ మీద అతికించిన అల్యూమినియం ముక్కలు: నాలుగేళ్లు వాడాక

నాది రైజెన్ 5 2600 ప్రాసెసర్, ఒక చవక బీ450 మదర్‌బోర్డు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ప్రాసెసర్‌ని 1.375 వోల్టుల దగ్గర 4 గిగాహెర్ట్జ్‌కి పెంచితే సినీబెంచ్ అనే స్పీడు పరీక్ష ఏ ఇబ్బందీ లేకుండా పాసైంది. ఆ సంబరం మొదటి పెద్ద ఎక్స్‌పోర్ట్ పెట్టేదాకానే. ఇరవై నిమిషాలకల్లా స్పీడు సగానికి పైగా పడిపోయేది, కాసేపటికి మళ్లీ లేచేది. ప్రాసెసర్ చూస్తే 68 డిగ్రీలే!

కాలుతున్నది పక్కనున్న మాస్‌ఫెట్లు, అంటే ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్ఎమ్ భాగంలోని చిన్న చిప్పులు. సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కి కావాల్సిన ఒకటింపావు, ఒకటిన్నర వోల్టుల మధ్యకు దించేది అవే. ఆ పనిలో వృథా అయ్యేదంతా వేడే. అది మరీ పెరిగితే బోర్డు ప్రాసెసర్ స్పీడు తగ్గించేస్తుంది. నా బోర్డులో వాటి మీద వేడిని లాగేసే హీట్‌సింక్ లేదు, వాటి వేడి ఎంతో నాకు చూపించే సెన్సారూ లేదు. పైగా తప్పు నాది కూడా. కంపెనీ ఇచ్చిన కూలర్ గాలిని కిందికి, బోర్డు మీదికి ఊదేది. నేను దాన్ని తీసేసి, గాలిని పక్కకి ఊదే టవర్ కూలర్ పెట్టాను. మాస్‌ఫెట్లకి ఉన్న ఆ కాస్త గాలీ పోయింది.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీలో చిన్న అల్యూమినియం హీట్‌సింకులు, థర్మల్ టేపు కొన్నాను. మల్టీమీటర్‌కి ఉన్న వేడి కొలిచే ప్రోబుని మాస్‌ఫెట్‌కి ఆనించి కొలిస్తే ముందు 112 డిగ్రీలు, సింకులు పెట్టాక 103. ఇంతేనా అనిపించింది. తర్వాత 80 మిల్లీమీటర్ల ఫ్యానొకటి కేబుల్ టైలతో టవర్‌కి కట్టి, గాలి సూటిగా సింకుల మీద పడేలా తిప్పాను. 79కి దిగింది. అంటే గాలి లేని సింకు ఉన్నా పెద్ద తేడా లేదు. ఈ రెండింటిలో ఒకటే కొనగలిగితే ఫ్యానే కొనండి.

రెండో ఏడాది మే నెలలో ఒక సింకు ఊడి గ్రాఫిక్స్ కార్డు మీద పడింది. కార్డు పైభాగం ప్లాస్టిక్ కాబట్టి బతికిపోయాను, లేకపోతే షార్ట్ అయ్యేదే. అంటించే ముందు మాస్‌ఫెట్ల పైభాగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకపోవడం నా బద్ధకం. తుడిచి అంటించాక ఒక్కటీ ఊడలేదు. ఎవరో ఫెవిక్విక్ వాడమన్నారు. వద్దు. అది వేడిని సరిగా దాటనివ్వదు, పీకితే చిప్పు కూడా లేచొస్తుంది.

అసలు మేలు మాత్రం వోల్టేజీ తగ్గించడం వల్లే జరిగింది. 3.9 గిగాహెర్ట్జ్, 1.3 వోల్టులు పెడితే మాస్‌ఫెట్లు ఇంకో తొమ్మిది డిగ్రీలు చల్లబడ్డాయి. ఎక్స్‌పోర్ట్‌లో పోయింది గంటకి ఓ నిమిషమో రెండో. ఆ 100 మెగాహెర్ట్జ్ కోసం ఇంత హైరానా పడటం చారాణా కోడికి బారాణా మసాలా అని మా ఆవిడ అప్పుడే అంది.

సింకులు అవే ఉన్నాయి. ఫ్యాను మాత్రం రెండోది. మొదటిది మూడేళ్లకి గరగరలాడటం మొదలుపెడితే మార్చాను. నెలకోసారి బ్రష్‌తో దుమ్ము దులుపుతాను, అంతే.