లైన్‌లో ఆరేళ్ళు, లోకల్‌లో అయిదేళ్ళు

మా మేనల్లుడికి మొన్న లారీ తోలడానికి హెవీ లైసెన్సు వచ్చింది. "మావయ్యా, లైన్‌కి పోనా, లోకల్ చేయనా?" అని అడిగాడు. లైన్ అంటే రాష్ట్రాలు దాటే దూరపు ట్రిప్పులు, లోకల్ అంటే ఊరి చుట్టుపక్కల తోలడం. రెండూ తోలాను కదా, ఒక్క మాటలో తేల్చేస్తాననుకున్నాడు. గంటన్నర పట్టింది. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

మాది తాడేపల్లిగూడెం పక్కన. 2013లో క్లీనర్‌గా ఎక్కాను. 2014 నుంచి రెండేళ్ళు మహారాష్ట్ర నుంచి గూడెం మార్కెట్‌కి ఉల్లిపాయల బండి, ఆ తర్వాత నాలుగేళ్ళు ఆకివీడు, భీమవరం నుంచి హౌరాకి చేపల బండి తోలాను. 2020 నుంచి ఊళ్ళోనే ఉంటున్నా. గూడ్సు రైలు రేక్‌లో దిగిన ఎరువుల బస్తాలు చుట్టుపక్కల ఊళ్ళ గోడౌన్లకి చేరవేయడం పని.

లైన్ అంటే రాత్రిళ్ళు డ్రైవింగే కష్టం అనుకుంటారు. నన్నడిగితే కష్టం పడిగాపులు కాయడంలో ఉంది. ఉల్లి బండికి లోడు దొరకడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. గూడెం వచ్చాక సరుకు అమ్ముడై, బస్తాలు మోసే ముఠా వాళ్ళు దిగుమతికి వచ్చేదాకా ఇంకో రోజు. బత్తా, అంటే దారి ఖర్చుల డబ్బు, రోజు లెక్కన ఇచ్చే ఓనరు దగ్గర పర్లేదు. నా మొదటి ఓనరు ట్రిప్పు లెక్కన ఇచ్చేవాడు. బండి కదలని రోజు నేను తిన్న తిండి నా జేబులోదే. అందుకే కొత్తవాళ్ళకి చెప్తుంటాను, జీతం ఎంత అని తర్వాత అడగండి, బండి ఆగిన రోజు బత్తా ఎవరిస్తారో ముందు అడగండి.

చేపల బండి దీనికి పూర్తిగా తలకిందులు. ట్రేలలో చేపలు, మీద ఐసు. ఎక్కించిన దగ్గర నుంచి కరిగే ఐసుతో పరుగు. తెల్లవారుజామున హౌరా మార్కెట్‌లో ఉండాలి. ఆలస్యమైతే రేటు పడిపోతుంది, షావుకారు కిరాయిలో కోస్తాడు, ఓనరు మన దగ్గర కోస్తాడు. వెయ్యి కిలోమీటర్ల పైన దారి, ఇద్దరు డ్రైవర్లం. ఇచ్ఛాపురం దాటితే తెలుగు చెల్లదు. నాలుగు హిందీ ముక్కలు, రెండు ఒడియా ముక్కలు వస్తేనే పంచరైనా వేయించుకోగలం. 2017లో జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టుల దగ్గర క్యూలు పోయాయి, ఆ ఒక్క టెన్షన్ తగ్గింది. తగ్గిన ఆ టైమూ షావుకారు లెక్కలోకే పోయింది, మా నిద్రలోకి రాలేదు.

అదే ఏడాది డిసెంబరు, భద్రక్ దాటాం. మంచు. రెండో డ్రైవరు వెనక పడుకున్నాడు. ఎడమ టైర్లు మట్టి మీదకి దిగిన చప్పుడుకి మెలకువ వచ్చింది. మెలకువ వచ్చిందంటే అప్పటిదాకా నిద్రపోయానన్నమాట. ఎంతసేపో నాకిప్పటికీ తెలీదు. బండి పక్కన పెట్టి ఇద్దరం గంట పడుకున్నాం. ఆ ట్రిప్పులో నా వంతు 3,000 కోశారు. మోటారు రవాణా కార్మికులకి అప్పట్లో 1961 నాటి చట్టం ఉండేది, పని రోజుకి 8 గంటలు, వారానికి 48 అని. నేను పనిచేసిన ఓనర్లలో దాని పేరు విన్నవాళ్ళని చూడలేదు.

ఇక లోకల్. 'ఇంటి పట్టున ఉండొచ్చు' అంటారు, సగమే నిజం. రేక్ ఎప్పుడొస్తే అప్పుడే పొద్దు. రాత్రి రెండింటికి ఫోన్ వస్తుంది. వ్యాగన్లు ఖాళీ చేయడానికి రైల్వే ఇచ్చే గంటలు దాటితే డెమరేజీ, అంటే ఆలస్యపు రుసుము, కట్టాలి, అందుకని అందరూ మన నెత్తినెక్కుతారు. యూరియా బస్తా 45 కేజీలకి తగ్గాక ముఠా వాళ్ళకి కాస్త తేలికైందేమో గానీ మనకి తేడా లేదు, బండికి అన్ని టన్నులూ ఎక్కుతాయి.

కానీ బండి చేతికొచ్చేది ఇక్కడే. హైవే మీద వెయ్యి కిలోమీటర్లు తోలినా రివర్స్ పది సార్లు కొట్టవు. లోకల్‌లో ఒక్క పూటలో కొడతావు. గోడౌన్ సందులో వెనక్కి పెట్టేటప్పుడు రెండు అద్దాల్లోనూ తోక ఎటు పోతుందో చూడడం లైన్‌లో ఆరేళ్ళు తోలినా నాకు సరిగా రాలేదు. లోకల్‌కి వచ్చిన మొదటి ఏడాదిలోనే ఒక కరెంటు మీటరు పెట్టె, ఒక కొట్టు ముందు రేకుల చూరు పగలగొట్టాను. రెండూ జీతంలోంచే పోయాయి. మా వైపు కాలవ గట్లు ఇంకో పరీక్ష. వాన పడ్డాక గట్టు అంచు మెత్తగా ఉంటుంది, లోడు బండి ఒక పక్కకి ఒరిగితే గుండె జారిపోతుంది. దాళ్వా (రెండో పంట) కోతల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, చుట్టూ రాళ్ళు, వెనక లైటు లేని ట్రాక్టర్లు. హౌరా దారిలో కన్నా ఇక్కడే ఎక్కువ బ్రేకులు తొక్కాను. ఎడమ మోకాలు క్లచ్చికి అంకితం.

డబ్బు సంగతి. 2019లో లైన్‌లో జీతం, బత్తా కలిపి నెలకి 22 వేల దాకా వచ్చేవి. లోకల్‌లో చేరినప్పుడు 15 వేలు. ఏడు వేల తేడా పెద్దదే. అయితే ఢాబా తిండి, స్నానాలు, మందులు తీసేస్తే లైన్ డబ్బులో ఇంటికి చేరేది 16, 17 వేలే. అప్పట్లో చెప్పకుండా ఇంటికి వస్తే అన్నం చాలేది కాదు. ఇద్దరికే వండడం మా ఆవిడకి అలవాటైపోయింది.

మార్కులు వేయమంటే లైన్‌కి పదికి ఆరు, లోకల్‌కి ఏడు. పాతికేళ్ళప్పుడు అడిగి ఉంటే తిప్పి వేసేవాణ్ణి.

మేనల్లుడికి చెప్పింది ఇది: ముందు ఏడాది లోకల్ చెయ్, నెల జీతానికి. ట్రిప్పు లెక్కకి వద్దు, అది కాలిని యాక్సిలరేటర్ మీద నుంచి తియ్యనివ్వదు. తర్వాత లైన్‌కి రెండో డ్రైవరుగా వెళ్ళు. సిమెంటో ఉల్లో ఎత్తు, మొదట్లోనే చేపల జోలికి పోకు. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, దాని గడువు నువ్వే చూసుకో. ఇప్పుడు 200 కిలోమీటర్లకి ఒక రోజు. బండి చెడి ఆగితే గడువుకి అటూ ఇటూ 8 గంటల్లో పొడిగించమని ఆఫీసుకి ఫోన్ చెయ్, వాళ్ళే చూస్తారని కూర్చోకు. వీలైతే కొత్త బండి ఉన్న ఓనరు దగ్గర చేరు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మే నెలలో ఇంజను పక్కన కూర్చున్నవాడికే దాని విలువ తెలుస్తుంది.

నిన్న ఫోన్ చేశాడు. లోకల్‌లోనే చేరాడట, ట్రిప్పు లెక్కకి. నెల జీతం ఇచ్చేవాళ్ళు దొరకలేదట.