కాంక్రీటు లోపలి బోలు, పగుళ్లు పట్టాలంటే ఏ టెస్టు మేలు?

కాంక్రీటు టెస్టు అనగానే చాలామంది ముందు తీసేది రీబౌండ్ హ్యామరే (కాంక్రీటును తట్టి, దెబ్బ ఎంత వెనక్కి ఎగిరిందో చూపే పరికరం). తేలిక, చవక, నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ అది చెప్పేది పైపొర గట్టితనం మాత్రమే. పాత కాంక్రీటులో కార్బనేషన్ (గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో జరిగే రసాయన చర్య) వల్ల పైపొర గట్టిపడి, రీడింగు ఉన్నదానికంటే ఎక్కువే వస్తుంది. లోపలి బోలు వెతకడానికి మాత్రం దయచేసి దీన్ని నమ్ముకోకండి.

రెండు ముఖాలూ అందే కాలమ్, బీమ్ అయితే నా ఓటు యూపీవీకే (అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ టెస్టు). ఒకవైపు నుంచి అల్ట్రాసోనిక్ తరంగం పంపి, అవతలికి ఎంతసేపట్లో చేరిందో కొలుస్తారు. 300 మి.మీ. కాలమ్‌లో 75 మైక్రోసెకన్లు పడితే వేగం సెకనుకు 4 కి.మీ., అంటే కాంక్రీటు బాగానే ఉన్నట్టు. కాస్త కిందికి జరిపితే 110 పడిందనుకోండి, వేగం 2.7కి పడిపోయింది. ప్రోబ్ కింద గ్రీజు సరిగ్గా అంటిందో లేదో చూసి మళ్లీ కొలవాలి. అప్పుడూ అంతే వస్తే లోపల హనీకోంబ్ (తేనెపట్టులా ఖాళీలు మిగిలిన కాంక్రీటు) ఉందని అనుమానించాల్సిందే. ఒక్క చిక్కుంది: పగులు నిండా నీళ్లుంటే తరంగం దాన్ని దాటేస్తుంది, రీడింగు బాగున్నట్టే కనిపిస్తుంది.

స్లాబు, టన్నెల్ లైనింగ్, రిటైనింగ్ వాల్ లాంటి చోట్ల ఒక్క ముఖమే దొరుకుతుంది. అక్కడ పోటీ జీపీఆర్‌కీ (రాడార్ తరంగాలతో లోపల చూసే గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్) ఇంపాక్ట్ ఎకోకీ (తట్టి, తిరిగొచ్చే శబ్ద తరంగాన్ని చూసే టెస్టు) మధ్య. జీపీఆర్ వేగం గొప్పది. ట్రాలీ నెట్టుకుంటూ పోతే కడ్డీలు, పైపులు వరసగా స్క్రీన్ మీద కనిపిస్తాయి. తడి కాంక్రీటులోనూ, దగ్గర దగ్గరగా ఉన్న కడ్డీల కిందా మాత్రం చూపు మందగిస్తుంది. పొర విడిపోయిన చోట ఏర్పడే సన్నని గాలి సందునైతే రాడార్ తరంగం చాలావరకు దాటిపోతుంది. శబ్ద తరంగం అలా దాటలేదు, దాదాపు మొత్తం వెనక్కి తిరుగుతుంది. అందుకే డీలామినేషన్‌కు, అంటే ఇలా పొర విడిపోవడాన్ని పట్టడానికి, ఇంపాక్ట్ ఎకోయే మేలంటాను. చిన్న ఉక్కు గోళీతో తట్టి, తిరిగొచ్చే కంపనాల ఫ్రీక్వెన్సీ చూస్తారు. వేగం సెకనుకు 4 కి.మీ. ఉన్న 200 మి.మీ. స్లాబు బాగుంటే 9.6 కిలోహెర్ట్జ్ దగ్గర శిఖరం వస్తుంది. సగం లోతులో పొర విడిపోతే అది 19 దాటుతుంది. ఒక్కో పాయింటూ తట్టుకుంటూ పోవాలి కాబట్టి ఓపిక కావాలి.

రెండూ దొరికితే ముందు జీపీఆర్‌తో కడ్డీలు గుర్తుపెట్టి, వాటి మధ్య ఇంపాక్ట్ ఎకో చేయండి. తర్వాత అనుమానం ఉన్న చోట ఒక కోర్ (డ్రిల్ చేసి తీసే గుండ్రటి కాంక్రీటు ముక్క), బాగున్న చోట ఇంకో కోర్ తీయించండి. రెండోది లేకుంటే మొదటి దాన్ని దేనితో పోల్చాలో తెలియదు.