మెమరీ తప్పులు: క్లాక్ తగ్గించాలా, టైమింగ్‌లు సరిచేయాలా?

సొంతంగా డిజైన్ చేసిన హ్యాండ్‌హెల్డ్ బోర్డు ఒకసారి బూట్ అవుతుంది, మరోసారి కెర్నల్ లోడ్ అవుతూ ఆగిపోతుంది. తప్పు మెమరీదైతే అప్పుడు మన ముందు రెండు దారులుంటాయి: డీడీఆర్3 (బోర్డు మీది ర్యామ్) క్లాక్ తగ్గించడం, లేదా అదే వేగంలో టైమింగ్‌లు, అంటే ఒక్కో మెమరీ పనికి ఎన్ని క్లాక్ సైకిళ్లు ఆగాలో చెప్పే అంకెలు, సరిచేయడం.

క్లాక్ తగ్గించడం ఐదు నిమిషాల పని. 400 మెగాహెర్ట్జ్ నుంచి 312కి దించగానే తప్పులు మాయమైతే సమస్య టైమింగ్‌దో, సిగ్నల్‌దో అయ్యుంటుంది. టంకం సరిగా పడని పిన్ అయితే సాధారణంగా వేగం తగ్గించినా మొండికేస్తుంది. ఒక్క జాగ్రత్త. డేటా చెరిగిపోకుండా మెమరీని మళ్లీ మళ్లీ తాజా చేయడమే రిఫ్రెష్; ఆ విరామాన్ని మెమరీని నడిపే కంట్రోలర్ సైకిళ్లలో లెక్కపెడుతుంది. 400 దగ్గర 7.8 మైక్రోసెకన్లంటే 3120 సైకిళ్లు. ఆ అంకె మార్చకుండా 312కి దిగితే విరామం 10 మైక్రోసెకన్లవుతుంది, కొత్త తప్పును మనమే తెచ్చుకున్నట్టు. ఇంకా కిందికి, 300 దాటి దించితే డీఎల్ఎల్ (చిప్‌లో డేటాను క్లాక్‌తో కలిపి ఉంచే సర్క్యూట్) ఆన్‌లో ఉన్న డీడీఆర్3 పనిచేస్తుందన్న హామీ ఉండదు.

టైమింగ్‌లు సరిచేయడానికి ఓపిక కావాలి. డేటాషీట్‌లో టీఆర్‌సీడీ (మెమరీలో ఒక వరుస తెరిచాక చదివే ముందు కనీసం ఆగాల్సిన సమయం) 13.75 నానోసెకన్లు అని ఉంటే, 400 దగ్గర 2.5 నానోసెకన్ల సైకిల్‌తో భాగిస్తే 5.5 వస్తుంది. అంటే 6 వేయాలి, 5 కాదు. నాకు చాలా రోజులు టెన్షన్ పెట్టిన తప్పు సరిగ్గా ఇదే.

నేనైతే క్లాక్ తగ్గించడాన్ని పరీక్షగానే వాడతాను. బోర్డు వేడెక్కాక కూడా మెమరీ టెస్ట్ రాత్రంతా నిలబడాలంటే టైమింగ్‌లు సరిచేయాల్సిందే.