పెదవుల మీద మచ్చలు, పేగుల్లో పాలిప్‌లు: ఏ పరీక్ష మేలు?

కర్నూలు, కడప వైపు పిల్లలు కడుపునొప్పి అంటే ముందు వాము నీళ్లు, తర్వాత నులిపురుగుల మాత్ర. రక్తం తక్కువైతే ఐరన్ టానిక్. చాలామందికి అంతటితో సరిపోతుంది కూడా. కానీ పెదవుల మీద, బుగ్గల లోపల చిన్న చిన్న నల్లమచ్చలుండి, పదే పదే మెలిపెట్టే నొప్పి వస్తుంటే ప్యూట్జ్-జెగర్స్ సిండ్రోమ్ ఉందేమో చూపించుకోవాలి. 1921లో ప్యూట్జ్ అనే డచ్ డాక్టరు రాసిన అరుదైన జబ్బు ఇది. మచ్చలతో హాని లేదు, పెదవుల మీదివి వయసొచ్చాక వెలిసిపోతాయి కూడా. పిల్లల్లో ఇబ్బంది ఎక్కువగా పేగు లోపలి గోడకు పెరిగే పాలిప్‌లతోనే, అంటే కండలాంటి గడ్డలతో.

అవి ఎక్కువగా చిన్నపేగులో ఉంటాయి. మామూలు ఎండోస్కోపీ దాని మొదటి భాగం దాకానే పోతుంది, కొలనోస్కోపీ పెద్దపేగును చూస్తుంది. మధ్యలో ఉన్న మీటర్ల కొద్దీ పేగు రెండింటికీ అందదు. అందుకే 'ఎండోస్కోపీ నార్మల్' అన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకూడదు.

ఆ మధ్యభాగం చూడటానికి ఒక దారి కెమెరా ఉన్న క్యాప్సూల్. మింగితే చాలు, నొప్పి లేదు, చిన్న పాలిప్‌లూ దొరుకుతాయి. అయితే ఒక్కోసారి పెద్ద పాలిప్ పక్కనుంచే జారిపోయి దాన్ని వదిలేస్తుంది. పేగు ఇరుకైన చోట ఇరుక్కుపోవచ్చు కూడా. ఎంఆర్ ఎంటరోగ్రఫీ, అంటే చిన్నపేగుకు తీసే ఎంఆర్‌ఐ స్కాన్‌లో ఆ భయం లేదు, పెద్ద పాలిప్‌లు బాగా తెలుస్తాయి, చిన్నవి తప్పిపోతాయి. ముందుగా చాలా ద్రవం తాగి, మెషీన్‌లో కదలకుండా పడుకోవాలి. చిన్నపిల్లలతో అదే పెద్ద తంటా. సీటీ తొందరగా అయిపోతుంది కానీ రేడియేషన్ ఉంటుంది. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చేయించాల్సిన పిల్లలకు దాన్ని అలవాటు చేయడం నాకు నచ్చదు.

నొప్పి లేని పిల్లలకైతే ఎనిమిదేళ్ల వయసులో మొదటి పరీక్షగా క్యాప్సూల్ మేలు. పాలిప్‌లు కనబడితే రెండు మూడేళ్లకోసారి మళ్లీ చూడాలి. ఇప్పటికే నొప్పి ఉన్నా, పేగు ఆపరేషన్ అయి ఉన్నా ముందు ఎంఆర్.

చూడటం వేరు, తీయడం వేరు. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు దాటిన పాలిప్‌ను డబుల్ బెలూన్ ఎంటరోస్కోపీతో, అంటే బెలూన్ల సాయంతో చిన్నపేగు లోతుదాకా పోయే స్కోప్‌తో, కోత లేకుండా తీయొచ్చు. ఈ సౌకర్యం అన్ని ఆసుపత్రుల్లో ఉండదు, హైదరాబాదో వేలూరో పోవాల్సి రావచ్చు. ఆ ఖర్చుకు జంకి ఆగడం కంటే పోవడమే నయం. ఎందుకంటే పాలిప్ లాగడంతో పేగులోకి పేగు దూరితే వాంతులు, కడుపుబ్బరం, భరించలేని నొప్పి. అప్పుడు ఈ పోలికలన్నీ పక్కనబెట్టి దగ్గర్లోని పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. ఆపరేషన్ తప్పకపోతే, పొట్ట తెరిచినప్పుడే మిగతా పేగునూ స్కోప్‌తో చూసి పాలిప్‌లు తీసేయడం వీలవుతుందేమో సర్జన్‌ను అడగండి. ప్రతిసారీ పేగు ముక్క కోసుకుంటూ పోతే చివరికి మిగిలేది తక్కువ.

"మేనరికం చేసుకున్నందుకే" అని తల్లిని ఆడిపోసుకోవడం అన్యాయం. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది, ఎవరికీ లేకుండా కొత్తగానూ రావొచ్చు. ముందు జబ్బున్న పిల్లవాడికి ఈ జబ్బుకు కారణమయ్యే ఎస్‌టీకే11 జీన్ టెస్ట్ చేయించండి. అందులో మార్పు దొరికితే తోబుట్టువులకు ఆ రక్తపరీక్ష ఒక్కటి చాలు, ఆ మార్పు లేనివాళ్లకు స్కోపుల బాధ తప్పుతుంది. జబ్బున్న పిల్లవాడిలోనే మార్పు దొరకకపోతే మాత్రం జబ్బు లేదని కాదు, తోబుట్టువులనూ డాక్టరుకు చూపించాల్సిందే.