సంచార్ సాథీ: వెబ్‌సైట్‌కు నాలుగు స్టార్లు, యాప్‌కు రెండు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచలో జిరాక్స్, ఆన్‌లైన్ పనుల దుకాణం నాది. సాత్‌బారా (మా దగ్గరి భూమి పత్రం) ప్రింట్లు, ఆధార్ లింకులు, పంట బీమా ఫారాలు, రోజంతా ఓటీపీలు చదివించుకోవడం. సిమ్‌ల లెక్క చూడ్డానికి, పోయిన ఫోన్ బ్లాక్ చేయించడానికి కేంద్ర టెలికాం శాఖ పెట్టిన సంచార్ సాథీని నా సొంతానికి వాడింది తక్కువ, గిరాకీలకు చేసిపెట్టింది ఎక్కువ. కాబట్టి ఇది కౌంటర్ వెనక కూర్చున్న మనిషి రివ్యూ.

వెబ్‌సైట్ 2023 మేలో వచ్చింది. అందులో మన పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో చూపించే భాగం ఒక్కటి చాలు, దానికి దండం పెట్టొచ్చు. మా దగ్గర ఈ తలనొప్పి ఎక్కువ. ఇటు గోదావరి దాటినా తెలంగాణే, అటు ప్రాణహిత దాటినా తెలంగాణే. చేను దగ్గర ఒక కంపెనీ టవర్ అందుతుంది, ఇంట్లో ఇంకో కంపెనీది. అక్కడొకటి, ఇక్కడొకటి తీసుకుంటూ పోతారు. ఒక మనిషి పేరు మీద 9 సిమ్‌ల దాకా ఉండొచ్చని రూలు. సంతలో గొడుగు పాతుకుని సిమ్‌లు అమ్మే పిల్లలు "వేలు సరిగ్గా పడలేదు, ఇంకోసారి పెట్టవ్వా" అంటారు. అవ్వ పెడుతుంది. ఆ రెండో వేలిముద్రతో లేచిన సిమ్ ఎవరి జేబులోకి పోయిందో దేవుడికే తెలియాలి.

అలాంటి అవ్వ ఒకామె కోసం చూస్తే తెలియని నంబర్ ఒకటి కనబడింది. "ఇది నా నంబర్ కాదు" అన్నది నొక్కితే ఒక రిఫరెన్స్ నంబర్ ఇచ్చారు. తర్వాత చూస్తే జాబితాలో అది లేదు. పైసా ఖర్చు లేదు. ఆమెది బటన్ల ఫోన్. ఓటీపీ వస్తే చాలు, అందులో ఏమీ ఎక్కించక్కర్లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, యాప్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

రెండోది, పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయించడం. 2025 మేలో కాళేశ్వరం సరస్వతీ పుష్కరాలకు పోయి, సంగమం దగ్గర గుంపులో ఫోన్ పోగొట్టుకున్నాడు మా కాక ఒకాయన. ఫారంలో 15 అంకెల ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబర్), కొన్న బిల్లు, పోలీసు ఫిర్యాదు కాపీ అడుగుతారు. ఫోన్ ఏ రాష్ట్రంలో, ఏ జిల్లాలో, ఏ స్టేషన్ పరిధిలో పోయిందో కూడా రాయాలి. పోయింది తెలంగాణలో, మనిషి ఉండేది మహారాష్ట్రలో. వంతెన దాటి వెళ్లి ఫిర్యాదు ఇచ్చి రావాల్సి వచ్చింది. ఓటీపీ కోసం అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. ఐఎంఈఐ ఫోన్ డబ్బా మీద దొరికింది. ఆ డబ్బా పారేయకుండా అందులో కాక భార్య పసుపుకొమ్ములు దాచింది, ఆమె చలవ. ఫారం ఎక్కిన కొన్నాళ్లకు ఎవరో ఆ ఫోన్‌లో కొత్త సిమ్ వేశారు, ఆ సమాచారం పోలీసులకు అందింది, కాకను పిలిచి ఫోన్ ఇచ్చారు.

కాక నా దగ్గరికొచ్చి చాయ్ తాగిస్తూ ఒక మాట అన్నాడు: "పోయిన ఫోన్ల ఎవడు సిమ్ ఏసిండో గింత మంచిగ తెలుస్తే, పోని ఫోన్ సంగతి గూడ తెలుస్తది గదరా?"

తెలుస్తుంది కాకా. పోయిన ఫోన్‌కో పద్ధతి, ఉన్న ఫోన్‌కో పద్ధతి లేవు. ఫోన్ ఆన్ చేయగానే దాని ఐఎంఈఐ, సిమ్ రెండూ టవర్‌కు తెలుస్తాయి. ఎవరు ఎవరికి చేశారు, ఎంతసేపు, ఏ టవర్ కింద ఉండి, అన్నీ కంపెనీ రికార్డుల్లో ఉంటాయి. అంతకుముందు ఏడాది దాచాల్సిన ఆ రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబర్‌లో లైసెన్సు షరతులు మార్చారు.

మాటలు వినడానికి మాత్రం రాతపూర్వక ఆర్డర్ కావాలి. ఫోన్ ట్యాపింగ్ ఇష్టం వచ్చినట్టు కుదరదని సుప్రీంకోర్టు 1996లోనే పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాటగా చెప్పారు. ట్యాపింగ్‌పై కేంద్రం తెచ్చిన 2024 డిసెంబర్ రూల్స్ ప్రకారం ఆర్డర్ ఇవ్వాల్సింది కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ హోం కార్యదర్శి. ఒకసారికి 60 రోజులు, పొడిగించుకుంటూ పోతే మొత్తం 180. అయితే అదే రూల్స్‌లో మాలాంటి వాళ్ల కోసం ఒక వాక్యం ఉంది. మారుమూల ప్రాంతాల్లో ముందుగా అనుమతి తీసుకోవడం కుదరకపోతే, రాష్ట్రంలో ఐజీ హోదాకు తగ్గని అధికారే ఆర్డర్ ఇవ్వొచ్చు, మూడు పనిదినాల్లో పైకి తెలియజేయాలి. ఏడు పనిదినాల్లో ఖరారు కాకపోతే ఆపేయాలి. గడ్చిరోలి జిల్లా మారుమూల కాదని ఎవరంటారు? మాకు రోడ్డు ఆలస్యంగా వచ్చింది, టవర్ ఆలస్యంగా వచ్చింది. ఈ సౌకర్యం మాత్రం అందరికంటే ముందు.

ఆ ఆర్డర్లను తర్వాత చూసే రాష్ట్ర కమిటీలో ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, ఇంకో కార్యదర్శి ఉంటారు. జడ్జి ఒక్కడూ లేడు. విన్న సంగతి ఆ మనిషికి చెప్పాలన్న నియమమూ లేదు. నది అవతల తెలంగాణలో 2024లో ఎస్ఐబీ (పోలీసు నిఘా విభాగం) ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడి పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఆరోపణలు నిజమో కాదో కోర్టులు తేలుస్తాయి. నా దుకాణంలో మాత్రం జనం అప్పటి నుంచి భూమి బేరం కూడా వాట్సాప్ కాల్‌లోనే మాట్లాడుతున్నారు.

ఇక యాప్. 2025 జనవరిలో వచ్చింది. పనులు దాదాపు వెబ్‌సైట్‌వే, బటన్లు పెద్దవి, ఓపెన్ చేయగానే కావాల్సింది కనబడుతుంది. కానీ ఆండ్రాయిడ్‌లో కాల్స్, కాల్ లాగ్, ఎస్ఎంఎస్, కెమెరా, ఫోటోలు, ఫైళ్లకు అనుమతి అడుగుతుంది. మోసపు కాల్ గురించి ఫిర్యాదు చేయాలంటే లాగ్ చూడాలి, బిల్లు పెట్టాలంటే ఫోటో కావాలి. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది, కాదనను. అవసరమున్నవాడు అవసరమున్న రోజు ఇస్తే గొడవ లేదు. 2025 నవంబర్ 28న మాత్రం, కొత్త ఫోన్లన్నింటిలో దీన్ని ముందే ఎక్కించాలని, దాని పనులు ఆపేసే వీలు ఉండకూడదని కంపెనీలకు ఆదేశం వెళ్లింది. గోల మొదలయ్యాక మంత్రి "అక్కర్లేకపోతే తీసేసుకోవచ్చు" అన్నారు, డిసెంబర్ 3న ఆ తప్పనిసరి షరతు వెనక్కి పోయింది. అప్పటికే 1.4 కోట్ల మంది ఇష్టపడి దించుకున్న యాప్‌కు ఈ బలవంతం ఎందుకో! పిలిస్తే వచ్చే కరెంటు మిస్త్రీ మంచివాడే, అలాగని ఇంటి తాళంచెవి అతని దగ్గర పెట్టం కదా.

నా సొంత ఫోన్లో యాప్ తీసేశాను. గిరాకీలకు అన్నీ వెబ్‌సైట్‌లోనే చేస్తున్నాను, ఇంతవరకు ఏ పనీ ఆగలేదు. వెబ్‌సైట్‌కు తగ్గించిన ఆ ఒక్క స్టార్ ఓటీపీల గురించి: సాయంత్రం నెట్‌వర్క్ మొరాయిస్తే అవి గడువు దాటాకే వస్తాయి, మళ్లీ క్యాప్చా దగ్గర మొదలుపెట్టాలి. పొద్దున్నే రండి.

వచ్చేటప్పుడు ఫోన్ బిల్లు తెచ్చుకోండి. పాత ఫోన్ కొనేవాళ్లు డబ్బులు ఇవ్వకముందే *#06# నొక్కి ఐఎంఈఐ చూసుకోండి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి ఆ 15 అంకెలు 14422కు మెసేజ్ పెడితే బ్లాక్ అయిన ఫోనో కాదో తెలుస్తుంది. మోసపు కాల్ వచ్చిందని చెప్పడానికి ఇందులో చక్షు అనే భాగం ఉంది. డబ్బు ఇప్పటికే పోయినవాళ్లు మాత్రం దాంట్లో ఫారం నింపుతూ కూర్చోకుండా, నా దుకాణం తెరిచేదాకా ఆగకుండా, వెంటనే 1930కి ఫోన్ చేయండి.